అయోవా రైతు దంపతుల జ్ఞాపకాల పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలి? వాళ్లు చేసిన పని దగ్గర

ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది. మీరు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, వాటర్లూకి దగ్గర్లో ఒక చిన్న ఊరి చివర ఇల్లు కొనుక్కున్నారు. మీ పెరటికి ఆనుకుని ఉన్న పొలం ఒక పెద్ద వయసు దంపతులది. ఆయన 1927లో, ఆవిడ 1930లో పుట్టారు. 1949లో పెళ్లి, నలుగురు పిల్లలు. ఆయన వ్యవసాయం చేస్తూనే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్ట్ చేశారు. ఆవిడ చాలాకాలం స్కూల్లో వంట చేశారు. ఆయన నిరుడు పోయారు, ఆవిడ ఈ చలికాలంలో. మీ పిల్లలు వాళ్ల చేతుల మీదే పెరిగారు. తన తోటలో మీరు గోంగూర వేసుకోవడానికి ఆవిడ ఒక వరస వదిలారు కూడా. ఇప్పుడు వేసవిలో కుటుంబమంతా కలిసే రోజుకి ఒక చిన్న పుస్తకం చేసిపెట్టమని వాళ్ల పెద్దమ్మాయి మిమ్మల్ని అడిగింది. మీ చేతిలో ఉన్నవి రెండు సంతాప ప్రకటనలు, ఒక పెట్టెడు ఫొటోలు. ఎక్కడ మొదలుపెట్టాలి, బయటివాణ్ణి నేను రాయొచ్చా అని అడిగారు.

నేను అయోవాలో స్థిరపడి చాలా ఏళ్లయింది. మా కౌంటీ హిస్టారికల్ సొసైటీలో వాలంటీరుగా ఇలాంటి కుటుంబ పుస్తకాలకి సాయం చేస్తుంటాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తారీఖులతో మొదలుపెట్టకండి. పుట్టింది, చదివింది, పెళ్లయింది, పిల్లలు, మనవలు అన్నీ సంతాప ప్రకటనలోనే ఉన్నాయి, కుటుంబానికి అవి కంఠతా వచ్చు. వాళ్లు రోజూ ఏం పని చేసేవాళ్లో, ఎవరు ఏది చేసేవాళ్లో అక్కడ మొదలుపెట్టండి. ముఖ్యంగా ఆవిడ పని. ఎందుకంటే ఆయన పని ఎక్కడో ఒక చోట కాగితం మీద ఉంటుంది: ధాన్యం కొని నిల్వచేసే ఎలివేటర్ రసీదుల్లో, ఫ్యాక్టరీ పెన్షన్ కాగితాల్లో, యూనియన్ కార్డులో. ఆవిడ పని గుర్తున్నవాళ్లు పోతే దాంతోపాటే పోతుంది.

మీ ప్రశ్నలోనే ఉన్న ఒక సంగతి చూడండి. ఆయన సెకండ్ షిఫ్ట్ చేశారన్నారు, అంటే మధ్యాహ్నం బయల్దేరితే అర్ధరాత్రికి గానీ ఇల్లు చేరరు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో 160 ఎకరాల పొలం అంటే మొక్కజొన్న, ఓట్స్, గడ్డితో పాటు కొన్ని పాడి ఆవులు, పందులు, కోళ్లు ఉండేవి. పొద్దున పాలు ఆయన పితికారనుకుందాం. మరి సాయంత్రం పాలు ఎవరు పితికారు? నలుగురు పిల్లల్ని పెట్టుకుని, చలికాలంలో ఐదింటికే చీకటిపడే చోట, కొట్టంలోకి వెళ్లింది ఎవరు? మీ పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ ప్రశ్నకి జవాబు కావాలని నా అభిప్రాయం. పెద్దమ్మాయిని అడగండి. ఒక గంట ఆగకుండా చెబుతుంది.

ఇప్పుడు అదే కాలం గురించి ప్రభుత్వ కాగితం ఏం చెబుతుందో చూడండి. 1950 జనాభా లెక్కల పత్రాలు 72 ఏళ్ల గడువు తీరాక 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చాయి. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. మీ దంపతులు అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాని జంట. అందులో ప్రతి పెద్దవాళ్ల గురించీ, పోయిన వారం ఎక్కువ భాగం ఏం చేశారని ఒక ప్రశ్న ఉంటుంది. ఆయన వరసలో పని చేశాడని రాసి ఉంటుంది. ఆవిడ వరసలో దాదాపు ఖాయంగా ఒకే ఒక్క అక్షరం కనబడుతుంది, హెచ్. ఇల్లు చూసుకుంటోందని దాని అర్థం. పాలు పితికినా, 200 కోళ్లు పెంచినా, కోతల్లో బండి తోలినా, పద్దు పుస్తకం రాసినా ఆ గడిలో అదే అక్షరం. ఆ పేజీ పుస్తకంలో తప్పకుండా వేయండి. దాని ఎదురుగా ఉన్న పేజీలో ఆవిడ ఒక రోజు ఎలా గడిచేదో గంటగంటకీ రాయండి. వ్యాఖ్యానం ఏమీ అక్కర్లేదు, చదివేవాళ్లకే అర్థమవుతుంది.

జనాభా లెక్కలతోనే కాదు, చట్టంతోనూ ఇదే గొడవ. 1970ల దాకా ఫెడరల్ ఎస్టేట్ ట్యాక్స్, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను లెక్కలో, పొలం భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్నా సరే, భర్త ముందు చనిపోతే మొత్తం విలువ ఆయన ఆస్తి కిందే కట్టేవాళ్లు. అందులో తన డబ్బు ఇంత పడిందని భార్యే రుజువు చూపించుకోవాలి. జీతం లేకుండా ముప్ఫై ఏళ్లు చాకిరీ చేసిన మనిషి ఏ రసీదు చూపిస్తుంది? రైతు కుటుంబాల ఆడవాళ్లు దీని మీద గట్టిగా పోరాడారు. 1976లో కొంత, 1981లో పూర్తిగా ఆ పద్ధతి మారింది. ఆవిడ బీరువాలో ఆ కాలం నాటి పత్రిక కత్తిరింపులు గానీ, మీటింగు కాగితాలు గానీ ఏమైనా ఉన్నాయేమో చూడండి.

స్కూల్లో వంట ఉద్యోగం సంగతీ ఇక్కడే చెప్పాలి. సొంత వ్యవసాయం చేసుకునే రైతులకి సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్, వర్తించింది 1955 నుంచి. అదీ పన్ను కాగితాల్లో రైతు అని ఎవరి పేరుంటే వాళ్లకే, అంటే చాలా ఇళ్లలో భర్తకే. భార్యకి తన పేరు మీద ఏమైనా రావాలంటే ఊళ్లో జీతం ఉన్న పని చూసుకోవాలి. స్కూలు ఉద్యోగమైతే పైగా ఐపర్స్, అంటే అయోవా ప్రభుత్వోద్యోగుల పెన్షన్. చాలామంది రైతు భార్యలు స్కూలు వంటింట్లోకో, నర్సింగ్ హోమ్‌లోకో పనికి వెళ్లడానికి ఇదొక పెద్ద కారణం. ఖాళీగా ఉండలేక వెళ్లింది అని పిల్లలు అనొచ్చు. అది రాసుకోండి, కానీ మొదటి జీతం దేనికి ఖర్చుపెట్టిందో కూడా అడగండి.

ఆ వంట గురించి మీ ఊళ్లో యాభై దాటిన ఎవరినైనా అడిగి చూడండి. అయోవా స్కూళ్లలో చిల్లీ పెట్టిన రోజు పక్కన సినమన్ రోల్ పెట్టడం ఆనవాయితీ. చిల్లీ అంటే ఇక్కడ బీన్సూ మాంసమూ వేసి చిక్కగా వండేది. ఆ రోల్స్ తెల్లారకముందే వచ్చి పిండి కలిపి చేసేది ఈవిడలాంటి వాళ్లే. అప్పటి స్కూలు వంట కార్డుల్లో కొలతలు వందమందికి రాసి ఉండేవి. ఆవిడ రెసిపీ పెట్టెలో అలాంటి కార్డు దొరికితే మీకు అదృష్టం పట్టినట్టే. కార్డుని రెండు వైపులా స్కాన్ చేయండి. నూనె మరకలు, అంచున పెన్సిల్‌తో దిద్దిన కొలతలు కనబడేలా ఉంచండి, శుభ్రం చేయకండి. పిండి ఎక్కువైందని కొట్టేసి పక్కన వేరే అంకె వేసి ఉంటే అది ఆవిడ చేతిరాత, ఆవిడ అనుభవం. ఆ కార్డుకి ఒక పేజీ మొత్తం ఇవ్వండి.

పాత పత్రికల్లో వెతికేటప్పుడు ఇంకో సంగతి. ఆవిడ పేరుతో వెతికితే 1970లకి ముందు దాదాపు ఏమీ దొరకదు. అప్పట్లో పెళ్లయిన ఆడవాళ్లని మిసెస్ అని భర్త పేరు పెట్టి రాసేవాళ్లు. చర్చివాళ్లు వేసిన వంటల పుస్తకాల్లో కూడా అంతే. కాబట్టి ఆయన పేరు ముందు మిసెస్ పెట్టి వెతకండి, ఒక్కసారిగా బోలెడు బయటికొస్తాయి. చిన్న ఊళ్ల వారపత్రికల్లో ప్రతి పల్లెకీ ఒక కాలమ్ ఉండేది. ఆదివారం ఎవరింటికి ఎవరు భోజనానికి వచ్చారు, ఎవరి బిడ్డకి టాన్సిల్స్ ఆపరేషన్ అయింది, క్లబ్బు మీటింగులో ఎవరు ఏం వండి తెచ్చారు అన్నీ అచ్చయ్యేవి. అప్పట్లో మామూలు కబుర్లు, ఇప్పుడు మీకు బంగారం. చాలా చిన్న ఊళ్ల లైబ్రరీలు తమ పత్రికల్ని స్కాన్ చేయించి ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టాయి. ముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి. అక్కడ లేకపోతే డెమాయిన్‌లోని స్టేట్ హిస్టారికల్ సొసైటీ దగ్గర మైక్రోఫిల్మ్ ఉంటుంది.

పొలం చరిత్ర కావాలంటే రిజిస్టర్ ఆఫీసుకి పరిగెత్తకముందు పిల్లల్ని ఒక మాట అడగండి, అబ్‌స్ట్రాక్ట్ ఎక్కడుంది అని. అమెరికా మొత్తంలో టైటిల్ ఇన్సూరెన్స్, అంటే భూమి హక్కు మీద తగాదా వస్తే నష్టం కట్టే బీమా, అమ్మకానికి వీల్లేని రాష్ట్రం అయోవా ఒక్కటే. అందుకే ఇక్కడ భూమి చేతులు మారినప్పుడల్లా ఆ భూమి పూర్తి చరిత్ర రాసిన కట్టని, అంటే అబ్‌స్ట్రాక్ట్‌ని, ముందుకి పెంచుకుంటూ వస్తారు. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ కలిపి ఒకే దస్తాగా కుట్టిపెట్టినట్టు ఉంటుంది. ప్రభుత్వం మొదటిసారి ఎవరికి పట్టా ఇచ్చింది మొదలుకొని ప్రతి అమ్మకం, ప్రతి తాకట్టు, తాకట్టు విడిపించుకున్న తేదీ, వారసత్వ కేసులు అన్నీ అందులో ఉంటాయి. ఆయన తాతకి ఎన్నిసార్లు అప్పు అయిందో, ఏ సంవత్సరం తీరిందో తేలిపోతుంది. ఆ కట్ట బ్యాంకు లాకర్లోనో, లాయరు దగ్గరో ఉంటుంది.

కొలతలు తెలియని చదువరుల కోసం చెబుతున్నాను. ఇక్కడ టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చతురం, అందులో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు, పాత తరంలో ఒక కుటుంబం బతకడానికి సరిపోయే కమతం. అప్పుడప్పుడూ అచ్చయ్యే ప్లాట్ బుక్కుల్లో, అంటే భూముల మ్యాపు పుస్తకాల్లో, ప్రతి కమతం మీదా యజమాని పేరు రాసి ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ అయోవా డిజిటల్ లైబ్రరీలో పాతవి చాలా ఉన్నాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీ మ్యాప్ సర్వర్లో 1930లలో విమానం నుంచి తీసిన ఫొటోలున్నాయి. మీ ఇల్లు కట్టకముందు ఆ చోటు ఎలా ఉందో చూడండి. గాలికి అడ్డంగా వాయవ్యం వైపు వేసిన చెట్ల వరస, కొట్టం, కోళ్ల షెడ్డు, ఇంటికి వచ్చే బాట అన్నీ గుర్తుపట్టొచ్చు. ఆ ఫొటో ప్రింటు తీసి పెద్దకొడుకు ముందు పెట్టి, ఏ షెడ్డులో ఏముండేదో పెన్సిల్‌తో రాయమనండి. చెప్పమంటే మాటలు రానివాళ్లు కూడా మ్యాపు చూస్తే ఊరుకోరు.

వాళ్ల అమ్మానాన్నల గురించి వెనక్కి వెళ్లాలంటే 1925 అయోవా రాష్ట్ర జనాభా లెక్కలు చూడండి. ప్రతి మనిషి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, ఇల్లూ పొలం మీద ఎంత తాకట్టు ఉందో కూడా అడిగారందులో. 1940 లెక్కల్లో ఒక తిరకాసు ఉంది. రైతు వరసలో ఆదాయం సున్నా అని కనబడుతుంది. పాపం ఏమీ లేనివాళ్లనుకోకండి. ఆ గడి జీతం, కూలి డబ్బులకే, పంట డబ్బు అందులోకి రాదు. దాని పక్క గడిలో వేరే ఆదాయం ఉందా అన్న చోట అవునని ఉంటుంది. ఇంకోటి, పేరు పక్కన సున్నాలో ఇంటూ గుర్తు ఉంటే, ఆ రోజు లెక్కలవాడికి వివరాలు చెప్పింది ఆ మనిషే. ఎక్కువసార్లు ఇంటి ఇల్లాలే. తలుపు దగ్గర నిలబడి మాట్లాడింది ఆవిడ వాళ్లమ్మే అని తెలిస్తే కుటుంబం ఎంత సంబరపడుతుందో చూడండి.

ఆయన యుద్ధం అయిపోయాక కొన్నాళ్లు ఆర్మీలో జపాన్‌లో ఉన్నారని రాశారు. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో 80 శాతం దాకా 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆయనది దొరకకపోతే నిరాశపడకండి. ఊరికి తిరిగొచ్చిన సైనికులు తమ డిశ్చార్జి కాగితాన్ని కౌంటీ రికార్డర్ ఆఫీసులో నమోదు చేయించుకునేవాళ్లు. మీరు కాదు, పిల్లల్లో ఎవరైనా వెళ్లి అడగాలి.

చిన్నతనం గురించి రెండే ప్రశ్నలు. కరెంటు ఎప్పుడొచ్చింది? బడి ఎక్కడ? గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టిన 1935 నాటికి దేశంలో పది పొలాల్లో సుమారు ఒకదానికే కరెంటు ఉండేది. ఆయనకి అప్పుడు ఎనిమిదేళ్లు. అంటే లాంతరు వెలుగులో పాలు పితికిన తరం అది. బడి అంటే ఒక గది, ఒక టీచరు, ఎనిమిది తరగతులు. హరిత విప్లవం అనగానే మనకి గుర్తొచ్చే నార్మన్ బోర్లాగ్ కూడా 1914లో ఇదే ఈశాన్య అయోవాలో క్రెస్కో దగ్గర పుట్టి అలాంటి ఒంటిగది బడిలోనే చదువుకున్నారు. పంట సంగతి ఒక్క వాక్యంలో చెప్పాలంటే, 1950లో అయోవాలో ఎకరాకి మొక్కజొన్న 50 బుషెళ్లకి అటూ ఇటూ, మన లెక్కలో 12, 13 క్వింటాళ్లు. ఇప్పుడు 200 బుషెళ్లు దాటుతోంది, అంటే 50 క్వింటాళ్ల పైమాట. ఆ మార్పంతా ఈ ఒక్క జంట కళ్లముందే జరిగింది.

ఇక 1980లు. పిల్లలెవరూ ఆ కాలం గురించి మాట్లాడటం లేదని రాశారు. రైతు, అప్పు, బ్యాంకు అనే మూడు మాటలు ఒకచోట చేరితే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1970లలో ధాన్యం ధరలు ఎగబాకాయి, భూమి ధరలు రెట్టింపులయ్యాయి. ఇంకా కొనండి, మేం అప్పిస్తాం అని బ్యాంకులే వెంటపడ్డాయి. 1980 జనవరిలో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకాల మీద ఆంక్షలు పెట్టారు. అదే ఏడాది డిసెంబర్లో ప్రైమ్ వడ్డీ రేటు, అంటే బ్యాంకులు నమ్మకమైన ఖాతాదారులకి వేసే వడ్డీ, 21.5 శాతానికి వెళ్లింది. అయోవా స్టేట్ యూనివర్సిటీ సర్వే లెక్కలో 1981లో ఎకరా సగటున 2,147 డాలర్లు ఉన్న భూమి 1986కి 787 డాలర్లకి పడిపోయింది. భూమి చూపించి తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంది.

మీ దంపతులకి దెబ్బ రెండు వైపుల నుంచీ తగిలి ఉంటుంది. రైతుల దగ్గర డబ్బు లేకపోతే ట్రాక్టర్లు ఎవరు కొంటారు? వాటర్లూలో జాన్ డీరే వేలమందిని ఇంటికి పంపింది. అదే ఊళ్లో తరాలుగా నడిచిన రాత్ మాంసం ఫ్యాక్టరీ 1985లో మూతపడింది. పొలంలో నష్టమొస్తే ఫ్యాక్టరీ జీతం ఉందన్న ధైర్యంతో బతికిన ఇళ్లకి ఆ ధైర్యం కూడా పోయింది. అలాంటి చాలా ఇళ్లలో నెలనెలా ఖాయంగా వచ్చింది స్కూలు వంటింటి జీతం, దాంతోపాటు హెల్త్ ఇన్సూరెన్స్. మీ వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు కాబట్టి ఊహించి రాయొద్దు, అడగండి. సూటిగా అప్పు గురించి అడగకండి. ఆ ఏడాది కొత్త కారు కొన్నారా, ఆవుల్ని ఎప్పుడు అమ్మేశారు, చుట్టుపక్కల ఎవరి పొలం వేలానికి వచ్చింది, మీ నాన్న ఆ వేలానికి వెళ్లారా అని అడగండి. పక్కవాళ్ల కథ చెబుతూ చెబుతూ తమ కథలోకి వస్తారు. రాకపోతే ఒత్తిడి చేయొద్దు. పుస్తకంలో ఆ కాలానికి రెండు పేరాలు చాలనుకుంటే అదీ వాళ్ల ఇష్టమే.

అడిగే పద్ధతి గురించి ఇంకొంచెం. ఇక్కడి పాతతరం వాళ్లు మనసులో మాట ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. ఎలా ఉన్నారంటే ఏదో ఫర్వాలేదు అంటారు, పంట బ్రహ్మాండంగా పండినా అదే జవాబు. వాళ్ల పిల్లలూ అంతే. పికప్‌లో పక్కన కూర్చుని కంకర రోడ్ల మీద తిరగండి. చూపు రోడ్డు మీద ఉన్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పి డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. నలుగుర్నీ విడివిడిగా కలవండి. కలిసి కూర్చుంటే పెద్దవాళ్లు చెప్పిందే ఖాయమైపోతుంది. పెద్దమ్మాయి చూసిన తల్లి వేరు, పదేళ్ల తర్వాత పుట్టిన చిన్నవాడు చూసిన తల్లి వేరు. రెండూ రాయండి, కలిపేసి సగటు చేయొద్దు.

వస్తువుల్ని అడ్డం పెట్టుకుని అడగడం ఇంకా మంచిది. విత్తనాల కంపెనీలు రైతులకి చొక్కా జేబులో పట్టే నోట్‌బుక్కులు ఉచితంగా ఇచ్చేవి. ఆయనవి గరాజ్‌లో ఒక కాఫీ డబ్బాలో దొరకొచ్చు. వాటిలో వాన ఎంత పడింది, ఏ చేలో ఏ రకం వేశారు, ఏ ఆవు ఏ రోజు ఈనింది అని పొట్టి పొట్టి మాటలుంటాయి. నేను చూసిన ఒక కుటుంబం పుస్తకంలో మొక్కజొన్న నాటడం మొదలైన తేదీ కింద, అదే పెన్సిల్‌తో, అదే సైజు అక్షరాల్లో, కూతురు పుట్టింది అని ఒక లైను ఉంది. దాని కింద మళ్లీ వాన లెక్క. ఆ మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఆ పేజీ ఒక్కటి చాలు. అలాగే ఆవిడ వంటింటి గోడ క్యాలెండర్లు. పారేయకుండా దాచి ఉంటే ఒక ఏడాదిది తీసుకుని పన్నెండు నెలలూ చదవండి. గుడ్లు అమ్మిన డబ్బు, చర్చిలో ఎవరి అంత్యక్రియల భోజనానికి తను ఏం చేసుకెళ్లాలి, ఎవరికి పళ్ల డాక్టరు అన్నీ అక్కడే ఉంటాయి. కోళ్ల దాణా పూల గుడ్డ సంచుల్లో వచ్చేది, ఆ గుడ్డతో గౌన్లు కుట్టేవాళ్లు. ఒకే రకం పూల సంచులు సరిపడా దొరకాలని భర్తని పురమాయించేవాళ్లు. ఇంట్లో బొంతలుంటే వాటిలో ఆ గుడ్డ ముక్కలు వెతకండి.

రెండు విషయాల్లో మాత్రం నెమ్మది. ఇలాంటి ఇళ్లలో పురిట్లోనో, పసితనంలోనో పోయిన బిడ్డ ఒకరు ఉండటం మామూలే. శ్మశానంలో చిన్న రాయి ఉంటుంది, ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పోయినవాళ్లని తలుచుకునే మెమోరియల్ డేకి పియోనీ పూలు పెట్టడానికి ఆవిడ ఏయే సమాధుల దగ్గరికి వెళ్లేవారో అడిగితే తెలుస్తుంది. రెండోది పొలం పంపకం. ఎవరికి ఎంత వచ్చింది, ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరికి కౌలు అన్నది పుస్తకంలో రాకూడదు. ఎస్టేట్ వ్యవహారం ఇంకా తేలలేదు కదా, మీ పుస్తకం ఎవరి చేతిలోనూ సాక్ష్యం కావద్దు.

బయటివాణ్ణి రాయొచ్చా అన్నారు. రాయాలి. కొట్టంలో పని ఎవరిదన్నది వాళ్లకి అడగాల్సినంత ప్రశ్నే కాదు, పుట్టినప్పటి నుంచి చూసిందే కాబట్టి. మీకు తెలియదు కాబట్టే అడుగుతారు, అడిగారు కాబట్టి వాళ్లు చెబుతారు. కానీ మన సంస్మరణ సంచికల అలవాటు ఒకటి ఇక్కడ వదిలేయండి. మహోన్నత వ్యక్తిత్వం, అజాతశత్రువు, నిస్వార్థ సేవామూర్తి లాంటి మాటలు ఇంగ్లిష్‌లోకి మార్చి వేస్తే ఆ కుటుంబం మర్యాదకి థ్యాంక్స్ చెప్పి పక్కన పెట్టేస్తుంది. తన గురించి గొప్పగా చెప్పడం ఆ పెద్దాయన బతికుండగా ఒప్పుకునేవాడా? ఆయన ఏం చేశాడో చెప్పండి చాలు. ఒంట్లో బాగోలేని ఏడాది ఆయన పంట ఎవరు వచ్చి కోసిపెట్టారు, ఆయన ఎవరి పంట కోసిపెట్టాడు, పేర్లతో రాయండి. ఆ జాబితా కన్నా పెద్ద పొగడ్త వాళ్లకి ఉండదు.

చివర్లో ఒక అధ్యాయం మీది. మంచు పడ్డ పొద్దున మీరు లేచేసరికి మీ డ్రైవ్‌వే ఊడ్చి ఉండటం, గోంగూర వరస, మీ పిల్లలు, అన్నీ మీ పేరుతో, నేను అంటూ రాయండి. ఆవిడ గోంగూర పప్పు తిన్నారా, తిని ఏమన్నారు? అది పిల్లలకి తెలియదు, మీకే తెలుసు.

అరవై పేజీలు దాటనివ్వకండి, అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. ఫొటో వెనక రాసి ఉన్నది కూడా స్కాన్ చేయండి. ఒక కాపీ ఊరి లైబ్రరీకి, ఒకటి కౌంటీ హిస్టారికల్ సొసైటీకి ఇవ్వండి. రికార్డింగులు, క్యాలెండర్లు, నోట్‌బుక్కులు కుటుంబం వద్దనుకుంటే పారేయనివ్వకండి. ఆవిడ కాగితాలైతే యూనివర్సిటీ ఆఫ్ అయోవాలోని అయోవా విమెన్స్ ఆర్కైవ్స్‌ని సంప్రదించండి, పల్లె ఆడవాళ్ల డైరీలూ ఉత్తరాలూ వాళ్లు భద్రపరుస్తారు. పొలం ఆ కుటుంబం చేతిలోకి వచ్చి వందేళ్లు దాటి ఉంటే సెంచురీ ఫార్మ్ గుర్తింపుకి దరఖాస్తు చేయొచ్చు. 1976 నుంచి ఇస్తున్నారు, అబ్‌స్ట్రాక్ట్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి రుజువు చేతిలోనే ఉంటుంది.

ఇవన్నీ తర్వాత. ఆవిడ చెల్లెలు సీడర్ ఫాల్స్‌లో సీనియర్ హోమ్‌లో ఉన్నారని, మాట స్పష్టంగానే ఉందని రాశారు. పెద్దమ్మాయిని తోడు తీసుకుని ఈ శనివారమే వెళ్లండి. పొద్దున పూట వెళ్లండి, ఫొటోల పెట్టె పట్టుకెళ్లండి. 1949కి ముందువి ముందుగా చూపించండి. అందులో ఉన్న మనుషుల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఆ చెల్లెలు ఒక్కరే.